లైనక్స్ బ్యాకప్ కోసం చవక '2 టీబీ' డిస్కు కొనేవారికి హెచ్చరిక

లైనక్స్ సిస్టమ్ మొత్తాన్ని బ్యాకప్ తీసుకోవడానికి బయటి డిస్కు కొనదలచినవారు, ఊరూ పేరూ లేని బ్రాండ్లతో కారుచవకగా అమ్ముతున్న '2 టీబీ' ఎస్‌ఎస్‌డీల జోలికి పోవద్దని మనవి. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర నేను కొన్నది అటువంటిదే. తగిలించగానే, డిస్కులనూ వాటి పరిమాణాలనూ చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండు 1.8టీ అని చూపింది. అసలైన 2 టీబీ డిస్కు కూడా అంతే చూపుతుంది కనుక అక్కడ అనుమానించడానికి ఏమీ కనబడలేదు.

డిస్కు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వచ్చింది. ఫైళ్ల యాజమాన్యాన్ని, అనుమతులను ఆ ఫార్మాట్ నిలుపుకోలేదు కాబట్టి, అవి ఆర్కైవ్ (ఫైళ్ల కట్ట) లోపలే భద్రంగా ఉండేలా రూట్ మొదలుకొని అంతటినీ, అలా కట్టగట్టే టార్ ప్రోగ్రామ్‌తో ఒకే కంప్రెస్డ్ ఫైలుగా రాయించాను. ఒక్క ఎర్రరైనా లేకుండా పని ముగిసింది. డిస్కును ఊడదీసి మళ్లీ తగిలిస్తే ఫైలు పేరూ పరిమాణమూ సరిగ్గానే ఉన్నాయి; విప్పబోతే మాత్రం, కంప్రెషన్‌ను విప్పే జీజిప్ ప్రోగ్రామ్ కొంతదూరం వెళ్లి, డేటా చెడిపోయిందంటూ ఆగిపోయింది.

ఈ మోసం కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌లో, అంటే డిస్కును నడిపే చిప్‌లోని ప్రోగ్రామ్‌లో ఉంటుంది. లోపలి మెమరీ ఎంత చిన్నదైనా తన సామర్థ్యం 2 టీబీ అని అది కెర్నెల్‌కు (లైనక్స్ మూల భాగానికి) చెబుతుంది, అసలు జాగా నిండాక వచ్చే డేటాను పారేస్తూనో, పాతదానిపైనే రాస్తూనో, ప్రతిసారీ 'రాశాను' అని బదులిస్తుంది. రాసిన వెంటనే సరిచూసినా లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే అప్పుడు మనకు అందేది ర్యామ్‌లోని క్యాష్ (తాత్కాలిక) ప్రతి కావచ్చు. టార్‌లోని వెరిఫై ఆప్షన్ కంప్రెస్ చేసిన ఆర్కైవ్‌లకు పనిచేయదు. కాబట్టి చెక్‌సమ్‌ను (ఫైలు మారిందో లేదో పోల్చి తేల్చే సంఖ్యను) డిస్కు ఊడదీసి తగిలించాకే చూడాలి.

విక్రేతకు రాస్తే 'ఫార్మాట్ చేసి చూడండి' అన్న జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి మూత తెరిచి చూస్తే, ఒక చిన్న కార్డ్ రీడర్, అందులో జిగురుతో అంటించిన ఒక మైక్రోఎస్‌డీ కార్డు! పెట్టె మీద యూఎస్‌బీ 3.1 అని అచ్చువేసినా, ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండుకు 'టీ' ఆప్షన్ జోడిస్తే వేగం 480ఎం అని, అంటే యూఎస్‌బీ 2.0 అని తేలింది.

డిస్కు చేతికందిన రోజే పరీక్షించండి. డెబియన్, ఉబుంటులలో ఎఫ్3 అనే ప్యాకేజీ దొరుకుతుంది. అందులోని ఎఫ్3రైట్ డిస్కు నిండా 1 జీబీ ఫైళ్లు రాస్తుంది, ఎఫ్3రీడ్ వాటిని తిరిగి చదివి ఎంత నిలిచిందో, ఎంత పోయిందో చెబుతుంది. నా డిస్కులో నిలిచింది దాదాపు 58 జీబీ. యూఎస్‌బీ 2.0 వేగంతో 2 టీబీ నింపి, తిరిగి చదవడానికి రోజు దాటిపోతుంది కనుక, ముందుగా నిమిషాల్లో తేల్చే ఎఫ్3ప్రోబ్ నడపడం మేలు, అయితే డిస్ట్రక్టివ్ ఆప్షన్‌తో నడిపితే డిస్కులో ఉన్నదంతా పోవచ్చు, డివైస్ పేరు పొరపాటున మీ సొంత డిస్కుది ఇవ్వకండి. ఆ ఫలితపు స్క్రీన్‌షాట్‌ను, వాపసు గడువు ముగియకముందే, ఫిర్యాదుకు జతచేయండి; విక్రేత పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.