గెకో గాజుపెట్టెకు ఇంట్లో తయారుచేసుకున్న ఫ్యాన్: కొన్ని వేసవులు వాడిన తరువాత

డాలస్ శివార్లలోని మా ఇంట్లో, మేడమీది గదిలో ఒక క్రెస్టెడ్ గెకో ఉంటుంది. పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవుల అడవులకు చెందిన ఈ బల్లి జాతి అంతరించిపోయిందని చాలాకాలం అనుకున్నారు. 1994లో అది మళ్ళీ కనబడింది. దీనికి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. 28 దాటిన వేడిలో గంటల తరబడి ఉంటే నీరసిస్తుంది, ఇంకా పెరిగితే ప్రాణానికే ముప్పు. అందువల్ల టెక్సాస్ వేసవిలో దీన్ని పెంచేవారికి అసలు పని వెచ్చదనం ఇవ్వడం కాదు, వేడిని తగ్గించడం.

ఏసీ నడుస్తున్నా మా మేడ గది మధ్యాహ్నానికి 25, 26 డిగ్రీలకు చేరుతుంది. దానికి మొక్కల కోసం పెట్టిన లైటు వేడి తోడై పెట్టె పైభాగం ఇంకా వెచ్చబడుతుంది. ఆ అదనపు వేడిని బయటికి పంపడానికే ఈ ఫ్యాన్. గది వేడిని ఇది తగ్గించలేదు. గదిలోని గాలి ఎంత చల్లగా ఉంటే పెట్టెను దాదాపు అంతవరకే దింపగలదు. గదే 28 డిగ్రీలు ఉన్న ఇంట్లో ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఫలితం ఉండదని ముందే గ్రహించడం మంచిది.

సామాను కొద్దిదే: 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్, వేడిని బట్టి ఫ్యాన్‌ను ఆన్, ఆఫ్ చేసే డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు, ఒక అడాప్టర్, వోల్టేజీ తగ్గించే మరో చిన్న బోర్డు, ఒక అక్రిలిక్ పలక. నాకు అన్నీ కలిపి ముప్పై డాలర్ల లోపే అయ్యాయి. పూర్తి 12 వోల్టులతో ఫ్యాన్ గోల ఎక్కువ కాబట్టి నేను దాన్ని ఏడు వోల్టులకు తగ్గించి నడుపుతున్నాను. గాలి కొంత తగ్గినా ఈ పనికి చాలు. వైర్ల రంగుల విషయంలో జాగ్రత్త అవసరం. మామూలు మూడు వైర్ల ఫ్యాన్‌లో ఎరుపు వైరు కరెంటుది, పసుపు వేగం తెలిపేది. నాలుగు వైర్ల ఫ్యాన్లలో చాలావాటికి పసుపు వైరే కరెంటుది. థర్మోస్టాట్ బోర్డు మీది రిలే కేవలం స్విచ్ లాంటిది, దానంతట అది ఫ్యాన్‌కు కరెంటు ఇవ్వదు కనుక, అడాప్టర్ నుంచి వచ్చే వైరును రిలే గుండానే తీసుకుపోవాలి.

ఈ అమరికలో అన్నిటికన్నా విలువైనది అక్రిలిక్ పలక. జాలీ మూత మీద ఫ్యాన్‌ను ఊరికే పెడితే అది తన పక్కనున్న జాలీలోంచే గాలి లాక్కుంటుంది, పెట్టెలోని గాలి కదలదు. ఫ్యాన్ ఉన్నచోట తప్ప మిగిలిన జాలీలో చాలా భాగాన్ని పలకతో మూసినప్పుడు మాత్రమే పెట్టె తలుపు కిందనున్న సందుల్లోంచి చల్లగాలి లోపలికి వచ్చి, ఆకుల మధ్యగా పైకి సాగి, వేడిని తీసుకుని బయటికి పోతుంది. ఫ్యాన్ ఎప్పుడూ గాలిని బయటికే తోయాలి. లోపలికి ఊదితే గెకో మీద నేరుగా గాలి పడి చర్మం ఆరిపోతుంది. రాత్రి మూతకు అతుక్కుని తిరిగే ప్రాణి కాబట్టి ఫ్యాన్ జాలీకి పైవైపునే ఉండాలి; ఈ జాతికి ఒకసారి తోక ఊడితే మళ్ళీ రాదు. ఫ్యాన్ అదురు జాలీకి అందకుండా మూలల్లో సిలికాన్ దిమ్మలు పెట్టాను.

తేమ విషయంలో మాత్రం దీనికి మూల్యం చెల్లించాల్సిందే. సాయంత్రం నీళ్ళు పిచికారీ చేశాక ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే, తెల్లవారేసరికి ఆకులపై చుక్క కూడా మిగలదు. తేమ చాలకపోతే గెకో కుబుసం సరిగా విడవదు, వేళ్ళ చివర పొరలు మిగిలిపోయి రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. థర్మోస్టాట్ లేని ఫ్యాన్ వద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. 27 డిగ్రీల దగ్గర మొదలై 26 దగ్గర ఆగేలా అమర్చుకుంటే రాత్రి చాలావరకు ఫ్యాన్ నిశ్చలంగా ఉంటుంది. సెన్సర్‌ను లైటు కింద కాక, గెకో పగలు పడుకునే ఎత్తులో నీడలో ఉంచాలి. కర్నూలులో బాగా పనిచేసే ఎయిర్ కూలర్ విశాఖ ఉక్కలో తేలిపోయినట్టే, ఫ్యాన్ ముందు తడిగుడ్డ ఆరవేసే ఉపాయం కూడా గాలి పొడిగా ఉన్న రోజుల్లోనే అక్కరకొస్తుంది.

మన్నిక విషయానికొస్తే, స్లీవ్ బేరింగ్ ఉన్న మొదటి ఫ్యాన్ రెండో వేసవికే గరగరలాడింది. పడుకోబెట్టి వాడితే ఆ రకం త్వరగా అరుగుతుంది. బాల్ బేరింగ్ ఫ్యాన్ మార్చాక ఇబ్బంది రాలేదు. రిలే టిక్కుమనే శబ్దం పడకగదిలో వినిపిస్తుంది, బోర్డు మీది ఎర్ర అంకెల వెలుగుకు నల్ల టేపు వేయాలి. నీటి తుంపర్లు పడకుండా బోర్డును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వైరును అడాప్టర్ కంటే కిందికి వంపు తిప్పి వేలాడదీయడం తప్పనిసరి.

చల్లదనం, గాలి కదలిక రెండూ కోరుకునే కమీలియన్ల (ఊసరవెల్లుల) పెట్టెలకు కూడా ఇదే అమరిక పనికొస్తుందని నా అభిప్రాయం. ఎండ కాచుకోవడానికి 38 డిగ్రీలకు పైబడిన చోటు కావాల్సిన బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి మాత్రం ఇది కట్టకండి. దానికి పెట్టెలో ఒకవైపు వేడి, మరోవైపు చల్లదనం ఉండాలి, ఈ ఫ్యాన్ ఆ తేడానే చెరిపేస్తుంది.