32 అక్షరాల్లో కదిలే చుక్కలు: టిక్సీ సమీక్ష

మార్టిన్ క్లెప్పే 2020లో రూపొందించిన టిక్సీ అనే వెబ్ పరికరం, 16 వరుసల్లో 16 చొప్పున పేర్చిన 256 చుక్కలను 32 అక్షరాలకు మించని ఒకే ఒక జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష) సమాసంతో, అంటే ఒక చిన్న సూత్రంతో, కదిలించమంటుంది. ఆ సమాసంలో టి అంటే గడిచిన సెకన్లు, ఐ అంటే చుక్క క్రమసంఖ్య, ఎక్స్, వై దాని నిరూపకాలు. ఒక్కో చుక్కకు సమాసం ఇచ్చే విలువ ధనాత్మకమైతే ఆ చుక్క తెల్లగా, రుణాత్మకమైతే ఎర్రగా కనిపిస్తుంది. విలువ సున్నాకు దగ్గరైన కొద్దీ అది చిన్నదవుతూ మాయమవుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది వలయాల ప్రయోగం. ఎక్స్, వై రెండింటి నుంచీ నడిమి స్థానమైన 7.5 తీసివేసి, హైపాట్ ప్రమేయంతో కేంద్రం నుంచి దూరం కనుగొని, దానిని టి నుంచి తీసివేసి సైన్‌కు అందిస్తే, చెరువులో రాయి వేసినట్లు అలలు బయటికి విస్తరిస్తాయి. ఇదంతా 25 అక్షరాలే! ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టిన త్రికోణమితి ఇలా కళ్లముందు ఊపిరి పోసుకుంటుందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

రెండే రంగులుండడం మొదట వెలితిగా తోచినా, చుక్కల ముగ్గుకు అలవాటు పడిన కంటికి అదే అందం. అయితే ఫోన్‌లో బ్రాకెట్లు టైపు చేయడం విసుగు పుట్టిస్తుంది కనుక కంప్యూటర్‌లోనే ప్రయత్నించడం మేలు.