పెళ్ళికి లేసు పని కావాలంటే నరసాపురం వెళ్ళండి, కానీ టైం పెట్టుకుని వెళ్ళండి

మా చెల్లి పెళ్ళికి అడ్డుతెర అంచు, సారె పళ్ళేల మీద కప్పే గుడ్డలు, దిండు గలీబులు, డబుల్ కాట్ దుప్పటి, ఇవన్నీ నరసాపురంలో ఇంటి దగ్గరే లేసు అల్లికలు చేయించి అమ్మే ఒకావిడకి ఆర్డరిచ్చి చేయించుకున్నాం. పెళ్ళయింది, సారె వెళ్ళింది, గలీబులు ఒకసారి ఉతకడం కూడా అయింది కాబట్టి ఇక ధైర్యంగా రాయొచ్చు. పని బ్రహ్మాండంగా ఉంది. రంగు విషయంలో మాత్రం కాస్త టెన్షన్ పడ్డాం, అది కింద చెప్తాను. దుకాణానికి బోర్డు లేదు, ఇంటి ముందు గదే దుకాణం, లోపల రెండు బీరువాల నిండా అల్లికలు. పాలకొల్లు నుంచి బస్సెక్కితే అరగంట కూడా పట్టదు.

అసలీ లేసు పిచ్చి చెల్లికి నా వల్లే పట్టింది. మేం ఇటలీ వెళ్ళినప్పుడు వెనిస్ నుంచి బురానో అనే లంకకి వెళ్ళాం. మన సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టే అక్కడివాళ్ళు సంచులూ పిల్లలతో పడవ దిగుతూ ఎక్కుతూ ఉంటారు, ఊరంతా కాలవలు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. అందరూ ఆ రంగుల ఇళ్ళ ముందు ఫొటోలు దిగి వెళ్ళిపోతున్నారు గానీ నాకు అక్కడి లేసు మ్యూజియం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. 1872లో అక్కడ లేసు బడి పెట్టారట, 1970 దాకా నడిచి మూతపడింది, ఇప్పుడు ఆ భవనంలోనే మ్యూజియం. లోపల ఒక పెద్దావిడ ఒళ్ళో చిన్న దిండు పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, సన్నటి సూదితో గాలిలోంచి వల తీస్తున్నట్టు కుడుతోంది. నేను చాలాసేపు నిలబడి వీడియో తీసుకున్నాను, ఆవిడ తలెత్తి నవ్వి మళ్ళీ పనిలో పడింది. బయట షాపులో చేత్తో చేసిన ముక్క ధర అడిగితే అరచేతి వెడల్పు దానికే వంద యూరోలు దాటింది. పక్కనే చవగ్గా దొరికేవన్నీ మిషన్ లేసు.

ఆ వీడియో చూసినప్పటి నుంచి చెల్లికి ఒకటే మాట, నా పెళ్ళిలో లేసు ఉండాలి అని. మనూళ్ళో ఉన్నదాని కోసం ఎక్కడికో ఎందుకే అని అమ్మ అంది. అమ్మ చెప్పింది నిజం. నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం వంట అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు తరాలుగా ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది, ఇప్పటికీ చాలా సరుకు విదేశాలకి పోతుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సీతారామపురంలో లేసు పార్కు ఉంది, మేం ముందు అక్కడికెళ్ళి డిజైన్లు చూసి, తర్వాత తెలిసినవాళ్ళు చెబితే ఈవిడ దగ్గరికి వెళ్ళాం.

ఆర్డర్ మాట్లాడటానికి వెళ్ళిన రోజు అక్కడ పని అప్పగించడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. బురానో వీడియో చూపించాను. అందరూ ఫోను చుట్టూ మూగారు. ఒకావిడ రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఆ ఇటలీ పెద్దావిడ వేళ్ళ దగ్గర ఆపి, "ఈవిడది కుట్టుసూదండి, మనది కొక్కెం సూది. ఈ పని నాకు రాదు, నా పని ఆవిడకీ రాదు" అంది. అక్కడ ఒక్కో కుట్టు ఒక్కొక్కరు చేస్తారట, ఒకే ముక్క చాలా చేతులు మారుతుంది అని నేను చెబితే దుకాణం ఆవిడ, "మాదీ అంతేనమ్మా, దుప్పటి ఒక్కళ్ళ వల్ల అవ్వదండి. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, అతుకు వేసేవాళ్ళు వేరు" అని బీరువాలోంచి పువ్వుల కట్ట తీసి చూపించారు. దారంతో గుత్తిగా కట్టిన తెల్లటి పువ్వులు, ఇంకా ఏదీ కాకముందు అలా చూడటం నాకు చాలా ఇష్టమైంది.

నమూనా మీద అల్లికల సంఖ్య, అంచు వెడల్పు, దారం లావు అన్నీ కాగితం మీద రాసుకున్నారు. సగం అడ్వాన్స్. అడ్డుతెరకి పసుపు రాసిన గుడ్డ మేం ఇస్తే చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు అంచు వేశారు. అంచు మడిచి కుట్టిన మూలలు చూస్తే పనితనం తెలుస్తుంది, మూలలో పువ్వు నలగకుండా తిప్పి అతికారు. జీలకర్రబెల్లం ఫొటోల్లో తెర మీదే అందరి కళ్ళూ, బంధువుల్లో ఆడవాళ్ళు ఎవరు చేశారని తర్వాత పట్టుకుని అడిగారు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, దుప్పటి హాఫ్ వైట్ అన్నాం, గలీబులు కూడా అదే అన్నాం, కానీ దారం రెండు వేరు వేరు లాట్లలో వచ్చినట్టుంది, పక్కన పెట్టి చూస్తే గలీబులు పసుపుపచ్చగా కనిపించాయి. వెంటనే తీసుకెళ్ళి చూపిస్తే వాదించలేదు, వెనక్కి తీసుకుని మళ్ళీ చేయించారు. కానీ అవి చేతికి అందేసరికి పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దునైంది, ఇంట్లో అందరికీ ఊపిరాడలేదు. అందుకే, మొత్తానికి సరిపడా దారం ఒకేసారి కొనిపించి, మీ ఎదురుగా పక్కన పెట్టించండి. ఇదొక్కటి చేస్తే చాలు.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో నరసాపురం లేసు అని రాసి ఉన్న టేబుల్ క్లాత్ ఒకటి ముందు తెప్పించాం, వచ్చింది మిషన్‌దే. చేతి అల్లిక అయితే కొక్కెంతో వేసిన గొలుసు కుట్లు కంటికి కనిపిస్తాయి, చివరి ముడి విప్పి దారం లాగితే అల్లిక వరసగా ఊడొస్తుంది. మిషన్‌ది కత్తిరించిన అంచు దగ్గర పీచుగా లేస్తుంది. ఎదురుగా చూసి కొనడమే మేలు.

ధర గురించి. దుప్పటికి చెప్పిన డబ్బు విని నాన్న కాస్త తగ్గించమనబోయారు, నేనే ఆపాను. అల్లేవాళ్ళకి ముక్కల లెక్కన కూలి, మధ్యలో ఏజెంట్లు చేతులు మారాక వాళ్ళకి దక్కేది చాలా తక్కువ. బురానోలో మారుమాట లేకుండా యూరోలు ఇచ్చి, ఇక్కడ మన పక్కూరి వాళ్ళ దగ్గర వందకీ రెండొందలకీ బేరమాడటం నాకు మనసొప్పలేదు. పైగా ఈవిడ అల్లేవాళ్ళకి ఎంత ఇస్తున్నారో దాచకుండా చెప్పారు, ఈ దుకాణం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఉతికేటప్పుడు బ్రష్ పెట్టకండి, పిండకండి. సబ్బు నీళ్ళలో నానబెట్టి, పల్చటి గంజిలో ముంచి, టవల్ మీద పరిచి చేత్తో పువ్వులు సాగదీసి నీడలో ఆరబెడితే కొత్తదానిలా నిలబడుతుంది, మేం అలాగే చేశాం. దుప్పటి లాంటి పెద్దవాటికి ముహూర్తానికి నాలుగైదు నెలల ముందే చెప్పాలి, గలీబులూ పళ్ళెం గుడ్డలూ అయితే నెలన్నర చాలన్నారు. కార్డు పనిచేయదు, ఫోన్‌లో డబ్బులు పంపొచ్చు. ఆదివారం వాళ్ళు చర్చికి వెళ్తారు, మధ్యాహ్నం తర్వాత వెళ్ళండి.