నీలి అట్ట మర్ఫీ: బీటెక్ క్లాసుకు 145 యూనిట్లూ అక్కర్లేదు

వరంగల్, హనుమకొండ కాలేజీల్లో బీటెక్ మొదటి ఏడాది పిల్లలకు రేమండ్ మర్ఫీ 'ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్' ఏళ్ల తరబడి చెప్పాక రాస్తున్న మాటలివి. యూనిట్ నంబర్లు 2019లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి. క్లాసులో తలా ఒక ఎడిషన్ తెచ్చుకుంటే ఎక్సర్‌సైజులు కలవవు, సగం పీరియడ్ పేజీలు వెతకడానికే పోతుంది. ముందే అందరికీ ఒకే ఎడిషన్ అని చెప్పేయాలి.

ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో అభ్యాసం. ఈ పుస్తకం బలమంతా అక్కడే ఉంది. ఒక యూనిట్ సరిగ్గా ఒక పీరియడ్: పావుగంట ఎడమ పేజీ, ఇరవై నిమిషాలు కుడి పేజీ, మిగతాది నోటితో చెప్పించడం. వారానికి రెండు పీరియడ్లు దొరికితే సెమిస్టర్‌కు ముప్పై యూనిట్లు దాటవు. ఒకటో యూనిట్ నుంచి వరసగా మొదలుపెట్టినవాళ్లు పాసివ్ దాకా రాకుండానే పరీక్షలు వచ్చేస్తాయి.

మొదలు పెట్టాల్సింది ఫర్, సిన్స్ ఉన్న 11, 12 యూనిట్లతో. మన దగ్గర 'రెండేండ్ల సంది', 'సోమవారం సంది' రెంటికీ ఒకటే 'సంది'. అందుకే 'సిన్స్ టూ ఇయర్స్' అంటారు. 'సంది'కి ముందు ఉన్నది ఎంతసేపు అనే లెక్కా, ఎప్పుడు మొదలైందనే గుర్తా అని అడిగితే ఫర్, సిన్స్ వాళ్లే విడదీస్తారు. తర్వాత 7, 8, 13, 14 (ప్రెజెంట్ పర్ఫెక్ట్, దానికీ పాస్ట్‌కూ తేడా). 'నిన్ననే ఇచ్చిన', 'ఇప్పుడే ఇచ్చిన' రెండూ మనకు ఒకే క్రియ కనుక 'ఐ హావ్ సబ్‌మిటెడ్ ఎస్టర్‌డే' పుడుతుంది. 'అర్థమైతలేదు' అన్నదాన్ని ఉన్నదున్నట్టు దింపితే 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్'. ఇలా 'ఇంగ్' తగిలించకూడని క్రియలకు మందు నాలుగో యూనిట్‌లో ఉంది.

పాసివ్ (కర్మణి వాక్యాలు, 42 నుంచి 44) దగ్గర పుస్తకం ఉదాహరణలు ఇంజినీరింగ్‌కు ఆనవు. వాటి బదులు పిల్లల ల్యాబ్ రికార్డే తెరవండి. 'కనెక్షన్స్ ఆర్ మేడ్ యాజ్ పర్ ది సర్క్యూట్ డయాగ్రమ్' అని ప్రతి ప్రయోగానికీ రాస్తారు, అది పాసివ్ అని మాత్రం చాలామందికి తెలియదు. ఆ వాక్యాన్నే 'వర్ మేడ్' చేయించి, తర్వాత 'వుయ్ మేడ్' చేయించి చూపిస్తే గంట పాఠం పది నిమిషాల్లో అయిపోతుంది.

తెలుగులో ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) లేవు కాబట్టి 72 నుంచి 78 వరకు తొందరపడొద్దు. ఏకవచన, బహువచన గొడవకు ముందు 69, 70 (లెక్కపెట్టగలిగే, లెక్కపెట్టలేని నామవాచకాలు) తప్పనిసరి. 'ఎక్విప్‌మెంట్స్', 'సాఫ్ట్‌వేర్స్' లాంటి తప్పులు మనమే చేర్చి చెప్పాలి. 80వ యూనిట్ రెండు నామవాచకాలు పక్కపక్కన వాడడం గురించి; 'ట్వెల్వ్ ఓల్ట్స్ బ్యాటరీ' అనే తప్పును అక్కడే పట్టుకోవచ్చు. ప్రిపోజిషన్లు ఇంటికి వదిలేయొచ్చు. ఫ్రేజల్ వర్బ్స్ (137 నుంచి 145) ఈ సెమిస్టర్‌కు నిస్సందేహంగా పక్కన పెట్టేయండి.

లోటు కూడా పెద్దదే. ఈమెయిల్, రిపోర్టు, గ్రాఫ్ వర్ణన, గ్రూప్ డిస్కషన్ ఏవీ ఇందులో దొరకవు; దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూకు అరకొర తయారీయే. తెలుగు మీడియం నుంచి నేరుగా వచ్చినవాళ్లకు ఎడమ పేజీ వివరణే బరువు. వాళ్లకు అదే రచయిత ఎర్ర అట్ట 'ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్' ఒక నెల చదివించి, ఆ తర్వాతే నీలిది ఇవ్వండి.

కొనేటప్పుడు వెనుక జవాబులు ఉన్నదా, లేనిదా చూసుకోవాలి. సొంతంగా చదువుకునేవాడికి జవాబులున్నది, క్లాసుకు లేనిది. అందరి దగ్గరా జవాబులున్నదే ఉంటే కుడి పేజీ ఇంటిపనిగా ఇవ్వకండి, తెల్లారేసరికి అన్నీ కరెక్టుగానే వస్తాయి. ఫుట్‌పాత్ మీది దొంగ ప్రింట్లలో కొన్నింట్లో బొమ్మలు మసకగా పడి, బొమ్మ చూసి రాయాల్సిన ప్రశ్నలు పనికిరావు. పాతది కొంటే కుడి పేజీల్లో పెన్సిల్ రాతలున్నాయేమో తిప్పి చూసి తీసుకోండి.