పూలకు లోయ, పిట్టలకు దారి: ఘాంఘరియా నుంచి ఒక రోజు

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న పూలలోయ జాతీయ ఉద్యానానికి కెమెరాతో వెళ్లేవారిలో చాలామంది, పూలనూ పక్షులనూ ఒకే రోజున ఒకే చోట తీసుకుని రావచ్చని లెక్క వేసుకుంటారు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుండే ఈ కోరిక అక్కడ తీరదని చెప్పలేను గాని, తీరే పద్ధతి మాత్రం వేరు. పూలు లోయలో ఉంటాయి; పక్షులు చాలావరకు లోయకు చేర్చే దారిలో ఉంటాయి. ఈ తేడా తెలిస్తే ఎక్కడ బస చేయాలో, దేనికి డబ్బు పెట్టాలో, సంచిలో ఏ లెన్సు ఉంచుకోవాలో సులువుగా తేలుతుంది. ఆగస్టు మొదటివారంలో చేసిన ప్రయాణాన్ని బట్టి ఆ వివరాలు రాస్తున్నాను.

ఋషికేశ్ నుంచి జోషీమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్లు. కొండదారి కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరినా పొద్దంతా పడుతుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి బండ్లు గంటల తరబడి నిలిచిపోవడం అక్కడ మామూలే కనుక, చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోకుండా ఈ యాత్రకు బయలుదేరకూడదు. జోషీమఠ్‌లో హోటళ్లు ఎక్కువ, భోజనం బాగుంటుంది, మంచి గదులు దొరుకుతాయి. అయినా ఫొటోల కోసం వెళ్లేవారికి అది సరైన బస కాదన్నది నా అభిప్రాయం. మరో 20 కిలోమీటర్ల దూరంలో, అలకనందలో లక్ష్మణగంగ కలిసే చోట ఉన్న గోవింద్‌ఘాట్‌లోనే ఆ రాత్రి ఉంటే మర్నాడు ఉదయం కనీసం రెండు గంటలు కలిసివస్తాయి. గోవింద్‌ఘాట్ గదులు ఇరుకుగా ఉంటాయి, గోడలు చెమ్మగిల్లి ఉంటాయి, బదరీనాథ్ రోడ్డు మీద హారన్ల మోత రాత్రి పొద్దుపోయేదాకా వినిపిస్తుంది. సిక్కుల పుణ్యక్షేత్రమైన హేమకుండ్ సాహిబ్ యాత్రికుల కోసం నడిచే గురుద్వారాలో ఎవరికైనా ఉచితంగా వసతి, లంగరులో (అందరికీ వడ్డించే వంటశాలలో) భోజనం దొరుకుతాయి. అయితే కెమెరా సామగ్రితో ఉన్నవారికి తాళం వేసుకునే గది అవసరం కాబట్టి నేను హోటలునే ఎంచుకున్నాను.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా గ్రామం వరకు నాలుగు కిలోమీటర్లు షేర్ జీపులు తిరుగుతాయి. అక్కడి నుంచి ఘాంఘరియాకు పది కిలోమీటర్లు నడక. 2013 జూన్ వరదల్లో ఈ లోయలోని పాతదారి చాలాచోట్ల కొట్టుకుపోయింది. ఇప్పుడు నడిచేది ఆ తర్వాత బాగుచేసిన దారి, ఎక్కువ భాగం రాళ్లు పరిచినది. అందరూ దీన్ని ఎంత త్వరగా దాటుదామా అన్నట్టు నడుస్తారు. పక్షులు కావలసినవారు మాత్రం దీన్నే అసలు రోజుగా భావించాలి. దారి పక్కనే లక్ష్మణగంగ నురగలు కక్కుతూ దిగుతుంది, ఆ నీటి మధ్యనున్న బండల మీదనే ప్లంబియస్ వాటర్ రెడ్‌స్టార్ట్, వైట్‌క్యాప్డ్ రెడ్‌స్టార్ట్, బ్రౌన్ డిప్పర్ కనిపిస్తాయి.

ప్లంబియస్ రెడ్‌స్టార్ట్ మగది పిచ్చుకంత కూడా ఉండదు. ఒళ్లంతా సీసపు నీలి బూడిదరంగు, తోక మాత్రం ఇటుక ఎరుపు. బండ మీద వాలిన మరుక్షణం ఆ తోకను విసనకర్రలా విప్పి ముడుస్తుంది, నీటి మీద తేలే పురుగు కనబడగానే గాలిలోకి ఎగిరి పట్టుకుని దాదాపు ఎప్పుడూ బయలుదేరిన బండకే తిరిగి వస్తుంది. ఆ అలవాటే ఫొటో తీసేవారికి వరం. పక్షిని వెంబడించడం మాని, అది వదిలివెళ్లిన బండ మీదనే ఫోకస్ నిలిపి, షటర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకుండా పెట్టుకుని ఊరికే నిలబడితే చాలు. ఆడదానికి ఆ ఎరుపు ఉండదు, తోక మొదట తెలుపు కనిపిస్తుంది. చూపరులు దాన్ని వేరే పక్షి అనుకోవడం కద్దు. వైట్‌క్యాప్డ్ రెడ్‌స్టార్ట్ విషయంలో చిక్కు మరొకటి: నెత్తిన తెల్లటి టోపీ, వెనుక తెల్లటి నురగ, మధ్యలో నల్లటి ఒళ్లు. కెమెరా తన లెక్క ప్రకారం వెలుగు నిర్ణయిస్తే నెత్తి మీది ఈకలు పూర్తిగా తెల్లమచ్చ అయిపోతాయి. ఎక్స్‌పోజరు కొంత తగ్గించి తీసి, నలుపులోని వివరాలను తర్వాత కంప్యూటరులో పైకి తెచ్చుకోవడమే మేలు.

ఇక సేవల సంగతి. పుల్నా దగ్గర కంచరగాడిదలు, బరువులు మోసే కూలీలు, మనుషులను వీపున బుట్టలో మోసే కండీవాలాలు దొరుకుతారు. గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియాకు హెలికాప్టరు కూడా ఉంది, కాని మబ్బు కమ్మితే ఎగరదు, ఆగస్టులో మబ్బు కమ్మని రోజు అరుదు. దాన్ని నమ్ముకుని కార్యక్రమం వేసుకోవడం తెలివైన పని కాదు. పైగా అందులో ఎక్కితే పక్షులున్న పది కిలోమీటర్లూ చేజారినట్టే. కంచరగాడిద మీద వెళితే కాళ్లకు సుఖమే గాని నచ్చిన చోట ఆగడం కుదరదు. నా లెక్కలో డబ్బుకు తగిన ఫలితమిచ్చింది కూలీ ఒక్కటే. బట్టల సంచి అతనికి అప్పగించి, కెమెరా మాత్రం మన దగ్గర ఉంచుకుంటే నడక అంతా పనికివస్తుంది. రేటు ముందే మాట్లాడుకుని, రిజిస్ట్రేషను కార్డు చూపించమని అడగాలి.

ఘాంఘరియా సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న మజిలీ. దేవదారు జాతి చెట్ల నడుమ ఒకే ఒక వీధి, దానికి అటూ ఇటూ హోటళ్లు, ఢాబాలు, రెయిన్‌కోట్ల దుకాణాలు. ఉద్యానం లోపల రాత్రి ఉండడానికి అనుమతి లేదు కాబట్టి పూలలోయకు వెళ్లే ప్రతివారూ ఇక్కడే బస చేయాలి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అతిథిగృహం, ప్రైవేటు లాడ్జీలు, గుడారాలు, గురుద్వారా వసతి ఉన్నాయి. గుడారాల జోలికి పోవద్దని కెమెరా ఉన్నవారికి గట్టిగా చెబుతాను, ఎందుకంటే లోపలి తేమకు రాత్రికి రాత్రి లెన్సు గాజు మీద ఆవిరి పట్టేస్తుంది. మేము దిగిన లాడ్జీలో దుప్పట్లు తడితడిగా ఉన్నాయి, బకెట్టు వేడినీళ్లకు విడిగా డబ్బు తీసుకున్నారు, కరెంటు సాయంత్రం కొన్ని గంటలే ఉంది. ఆ ఎత్తున ప్రతి వస్తువూ మనుషుల వీపు మీదో జంతువుల మీదో వస్తుందని గుర్తుంటే వీటిలో మొదటిదాని మీద తప్ప ఫిర్యాదు చేయడానికి మనసొప్పదు. బ్యాటరీలు అదనంగా తెచ్చుకోవాలి, మొబైలు సిగ్నలు మీద ఆధారపడకూడదు. గది ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: వీధికి కాక అడవి వైపు కిటికీ ఉందా లేదా అని. అలాంటి గది వరండాలోంచే తెల్లవారుజామున స్ట్రీక్డ్ లాఫింగ్‌థ్రష్‌లు చెత్త మధ్య గెంతుతూ పురుగులు ఏరుకోవడం చూడవచ్చు.

ఊరి చివర దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది హేమకుండ్‌కు, ఎడమవైపుది పూలలోయకు. అటవీశాఖ గేటు ఉదయం ఏడు గంటలకు తెరుస్తారు, మధ్యాహ్నం దాటాక లోపలికి పంపరు, సాయంత్రం అయిదులోపు అందరూ బయటికి రావాలి. కంచరగాడిదలకు ప్రవేశం లేదు. లోపల అంగళ్లు కూడా లేవు కనుక, పొద్దున్నే ఢాబాలో పరాఠాలు కట్టించుకుని వెళ్లాలి. పక్షులు బాగా తిరిగే మొదటి వెలుగు వేళ గేటు మూసే ఉంటుంది. తెల్లవారుజామును లోపల గడిపే అవకాశమే లేని చోట పక్షుల ఫొటోలు ప్రధానంగా పెట్టుకోవడం ఎందుకు కష్టమో ఇక్కడే అర్థమవుతుంది. నేను ఆ సమయాన్ని గేటు బయట, హేమకుండ్ దారి మొదట్లో ఉన్న చెట్ల కింద గడిపి, ఏడింటికి లోయవైపు మళ్లాను.

గేటు దాటాక దారి పుష్పావతి నదిని వంతెన మీదుగా దాటి, భూర్జవృక్షాల మధ్య నిటారుగా ఎక్కుతుంది. ఈ నీడలోనే కోబ్రా లిల్లీ అనే అరిసీమా ఉంటుంది. పడగ విప్పినట్టుండే దాని ఆకుపచ్చ తొడుగు మీద తెల్లటి చారలు కనిపించాలంటే మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి తీయాలి. ఎక్కుడు ముగిశాక లోయ ఒక్కసారిగా వెడల్పవుతుంది. 1931లో కామెట్ శిఖరం నుంచి తిరిగి వస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం దిగినది ఈ లోయలోకే. 1982లో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు, 2005లో నందాదేవి జాతీయ ఉద్యానంతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. 500కు పైగా పూలజాతులున్నాయని చెప్పే ఈ చోట, ఆగస్టులో మొదట కంటికి కనిపించేది మాత్రం రెండే: గులాబీరంగు బాల్సం, దాని చుట్టూ తెల్లటి పొలిగోనం. ఈ పొలిగోనం నిలువెత్తు పెరిగి చిన్నమొక్కలకు ఎండ తగలనివ్వదు. పశువుల మేత ఆపాకే ఇది విజృంభించిందని కొందరంటారు, కాదని కొందరంటారు. అటవీశాఖ మాత్రం ఏటా మనుషులను పెట్టి పీకిస్తోంది. ఫొటోలో దాన్ని తప్పించాలని చూసేవారు చాలామంది. లోయ ఇప్పుడున్న తీరు చూపాలంటే అది ఉండాల్సిందేనని నాకు తోచింది.

మబ్బు పట్టిన వెలుగు పూలకు ఎండకంటే ఎంతో మేలు. రేకుల మీద నీడలు కత్తిరించినట్టు పడవు, రంగు తేలిపోదు. నీలి పాపీ (మెకొనాప్సిస్ అక్యులియాటా) రాళ్ల సందుల్లో ఒంటరిగా, అక్కడొకటి ఇక్కడొకటిగా పూస్తుంది. దాని రేకులు పలుచని పట్టుగుడ్డలా ముడతలు పడి ఉంటాయి. నీలంలో ఊదా జీర కలిసి ఉంటుంది, మధ్యలో కేసరాల గుత్తి పసుపుపచ్చన. కాడ నిండా, మొగ్గల మీద కూడా ముళ్లుంటాయి. రాత్రి వాన తర్వాత ఒక్కొక్క ముల్లు చివర ఒక్కొక్క నీటిబొట్టు నిలుస్తుంది, చిన్నవాటిని దగ్గరగా పెద్దవిగా చూపే మాక్రో లెన్సులో చూస్తే ఆ బొట్టులో ఎదురుకొండ తలకిందులుగా కనిపిస్తుంది. గాలి ఊగించడమే ఇక్కడి అసలు సమస్య. దారి వదిలి పచ్చికలోకి అడుగు పెట్టకూడదన్న నియమం ఉంది, ఉండాలి కూడా. అందుకే దారి అంచునే ఉన్న మొక్కలను ఎంచుకుని, గొడుగును గాలికి అడ్డుపెట్టి, ఊపు ఆగే క్షణం కోసం చూడాలి. గొడుగు పట్టడానికి తోడు ఎవరైనా ఉంటే ట్రైపాడ్ కంటే ఎక్కువ ఉపయోగం.

పచ్చికబయళ్లలో పక్షులు లేవని కాదు. రోజ్‌ఫించ్‌లు బాల్సం కాడల మీద వాలతాయి, హిమాలయన్ గ్రిఫన్ రాబందులు శిఖరాల వెంట తేలుతూ పోతాయి. రాష్ట్ర పక్షి అయిన మోనాల్ ఈ కాలంలో చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన, వాలుల మీద తిరుగుతుంది. దాని కూత వినబడింది గాని పొగమంచులో పక్షి కనబడలేదు. దూరపు పక్షులను దగ్గరగా చూపే 400 మిల్లీమీటర్ల లెన్సు మోసినందుకు లోయలో దక్కినది తక్కువ. మళ్లీ వెళితే దాన్ని ఘాంఘరియాలో వదిలి, మాక్రోతోపాటు ఒక వెడల్పాటి లెన్సు మాత్రమే తీసుకెళతాను.

1939లో ఇక్కడ పూలు సేకరిస్తూ రాళ్ల మీద జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి వరకు చాలామంది నడుస్తారు. ఫొటోలు తీస్తూ వెళ్లేవారికి ఆ దూరం అవసరం లేదు. మొదటి కిలోమీటరులోనే జెరేనియం, పొటెంటిల్లా, పెడిక్యులారిస్ కావలసినన్ని ఉన్నాయి.

ఘాంఘరియాలో ఇంకో రోజు దొరికితే హేమకుండ్ దారి ఎక్కాలి. 4,000 మీటర్లు దాటిన ఆ వాలులో నీలి పాపీలు లోయలోకంటే ఎక్కువగా, దారికి దగ్గరగా ఉంటాయి, సరస్సు సమీపంలో బ్రహ్మకమలాలు విరివిగా పూస్తాయి. ఎక్కుడు కఠినమే, గుర్రాల రద్దీ విసుగు పుట్టిస్తుంది. అయినా కొండపూల కోసమే వచ్చినవారికి అది లోయకు ఏమాత్రం తీసిపోదు. పక్షులే ముఖ్యమైతే మాత్రం ఆగస్టును వదిలి, జూన్ మొదట్లోనో సెప్టెంబరు చివర్లోనో వెళ్లడం మంచిది. అప్పుడు బాల్సం ఉండదు, కాని ఆకాశం తేటగా ఉంటుంది. తిరుగుప్రయాణంలో పుల్నాకు మధ్యాహ్నంలోపే దిగాలి, ఎందుకంటే చీకటి పడ్డాక ఆ కొండరోడ్ల మీద బండ్లను వదలరు.