ఇంటిచదువు, ఓపెన్ స్కూల్ పరీక్షలు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించి, పదీ పన్నెండూ ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డులో) రాయించే పద్ధతిని మొదలు నుంచి చివరిదాకా వాడాక చెబుతున్న మాట ఇది. చదువు వరకు ఈ దారి చాలా మంచిది. పిల్లలకు బోలెడు సమయం మిగులుతుంది, పరీక్ష భయం తగ్గుతుంది. ఇబ్బంది అంతా కాగితాల దగ్గరే. మన విద్యా విధానం ఇంటిచదువుకు అడ్డం పడదు కానీ, దానికంటూ ఒక రిజిస్టరు గానీ సర్టిఫికెట్టు గానీ పెట్టలేదు. ఆ లోటు తల్లిదండ్రులే పూడ్చుకోవాలి.

ముందుగా అందరూ అడిగేది చట్టం గురించి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే ఇదీ శిక్ష అని మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. బడి బయటి పిల్లల సర్వేకి సీఆర్పీ (విద్యాశాఖ తరఫున కొన్ని బడులను చూసుకునే వ్యక్తి) వస్తే దాచాల్సిన అవసరం లేదు. నోటు పుస్తకాలు చూపించి, ఫలానా సంవత్సరం ఓపెన్ పది రాయిస్తామని చెప్పండి. మర్యాదగా మాట్లాడితే వాళ్లూ అర్థం చేసుకుంటారు.

అసలు పని పేరు దగ్గర మొదలవుతుంది. మన దగ్గర చాలామంది జనన ధ్రువపత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగానే ఉంటుంది. పుట్టుక నమోదైన ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టి పేరు చేర్పించవచ్చు. ఎన్‌ఐఓఎస్ పదికి కనీస వయసు 14. అంటే అప్పటిదాకా ఆగితే చేతిలో మిగిలేది ఒక్క ఏడాది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, జనన ధ్రువపత్రంలో పూర్తిగా ఉన్నా తర్వాత తలనొప్పే. బిడ్డకు పదేళ్లు రాకముందే రెండూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

ఎనిమిదో తరగతి పాసైన కాగితం లేకపోయినా పదికి చేరవచ్చు, స్వీయ ధ్రువీకరణ చాలు. కనీసం 5 సబ్జెక్టులు ఉండాలి, వాటిలో ఒకటో రెండో భాషలు. తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఒకసారి చేరితే 5 ఏళ్లు చెల్లుతుంది. పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మే లోనూ అక్టోబర్-నవంబర్ లోనూ జరుగుతాయి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. చేరిక రుసుము కట్టాం కదా, హాల్ టికెట్ అదే వస్తుందని కూర్చుంటారు. పరీక్ష రుసుము వేరు, దాని గడువు వేరు. అది దాటితే పిల్లవాడు ఎంత చదివినా ఆ విడత పోయినట్టే.

టీఎంఏలకు, అంటే ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు, 20 శాతం మార్కులు. పంపకపోతే ఆ 20 తిరిగి రావు. ప్రాక్టికల్స్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. సైన్స్‌కే కాదు, గణితానికి కూడా ప్రాక్టికల్ ఉంటుంది. థియరీలో 33 శాతం, ప్రాక్టికల్‌లో 33 శాతం విడివిడిగా రావాలి. ప్రాక్టికల్స్ థియరీ పరీక్షల కంటే ముందే అయిపోతాయి కనుక తేదీలు మీరు చేరిన స్టడీ సెంటర్‌ని అడుగుతూనే ఉండాలి. ఆ సెంటర్ ఎంచుకునేముందు స్వయంగా వెళ్లి ప్రయోగశాల చూడండి. అధికారిక రుసుము కాకుండా "ప్రాక్టికల్ ఖర్చులు" అని చేతికి డబ్బు అడిగే చోటు కనిపిస్తే అక్కడ చేరకండి.

పది అయ్యాక తొందరపడేవాళ్లకు ఒక హెచ్చరిక. పది పాసైన రెండేళ్లకు గానీ పన్నెండో తరగతి సర్టిఫికెట్ రాదు. ఏడాదికే రాస్తామంటే గరిష్ఠంగా 4 సబ్జెక్టులు మాత్రమే ఇస్తారు. జేఈఈ మెయిన్‌కి ఎన్‌ఐఓఎస్ చెల్లుతుంది కానీ అయిదు సబ్జెక్టులూ ఉండాలి.

ఇక తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎక్కువ గట్టిగా తగిలేది స్థానికత. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో, 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో, అంటే పన్నెండో తరగతితో, ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడి విద్యాసంస్థల్లో చదివినవారు స్థానికులు. బడి పిల్లలు స్టడీ సర్టిఫికెట్లు తెచ్చి ఇస్తారు. మరి బడికే వెళ్లని పిల్లల సంగతేమిటి? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోనే దీనికి జవాబుంది. ఆ నాలుగేళ్లలో కొంతకాలమో మొత్తమో ఏ సంస్థలోనూ చదవనివారు, అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్లు ఆ ప్రాంతంలో నివాసం ఉన్నట్టు చూపితే చాలు. నివాస ధ్రువపత్రం తహశీల్దారు ఇస్తారు, దరఖాస్తు మీసేవలో. సొంతిల్లు ఉన్నవారికి సులువే. అద్దె ఇళ్లు మారేవాళ్లు మాత్రం ఏటా అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, గ్యాస్ రసీదు ఒక ఫైల్లో వేస్తూ పోవాలి. కౌన్సెలింగ్ వారంలో పాత ఇంటి ఓనరు చుట్టూ తిరిగితే దొరికేవి కావు. పరీక్ష కేంద్రం కూడా మీరుండే ప్రాంతంలోదే ఎంచుకుంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ప్రశ్నలు తగ్గుతాయి. వైద్య సీట్ల స్థానికత నిబంధనలు ఈమధ్య మారి, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. నీట్ రాయించేవారు ఆ ఏటి నోటిఫికేషన్ చదవాల్సిందే.

మధ్యలో మనసు మారితే బడికి తిరిగి రావచ్చా? ఎనిమిది లోపయితే నిశ్చింతగా రావచ్చు. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ప్రవేశ పరీక్ష పెట్టకూడదని 13వ సెక్షన్ చెబుతోంది. టీసీ, రికార్డ్ షీట్ లేవని వెనక్కి పంపితే ఈ రెండు సెక్షన్లూ రాసి ఎంఈఓకి (మండల విద్యాధికారికి) అర్జీ ఇవ్వండి, ఒక ప్రతి మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోండి. తొమ్మిదికి వచ్చేసరికి ఈ రక్షణ బలం తగ్గిపోతుంది. అందుకే బడికి పంపాలా వద్దా అనే ఆఖరి నిర్ణయం బిడ్డకు పదమూడో ఏడు నిండేలోపు తీసుకోవడం మేలు.