బూజు దులపకముందే నేల తుడిచిన డీప్ క్లీనింగ్

పెదవాల్తేరులో సముద్రానికి కిలోమీటరు లోపే ఉన్న మా రెండు పడకగదుల ఫ్లాటును ప్రతి ఏటా సంక్రాంతికి ముందు మేమిద్దరమే దులుపుకొని కడుక్కునేవాళ్ళం. ఈసారి మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువ కావడంతో నగరంలోని ఒక క్లీనింగ్ సంస్థకు పని అప్పగించాము. ఇద్దరు మనుషులు, ఐదు గంటలు, 4,500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కింద 810 రూపాయలు, వెరసి 5,310 రూపాయలని చెప్పి మొత్తమంతా ముందే కట్టించుకున్నారు. ఫ్యాన్లు, కిటికీలు, గ్రిల్స్, వంటింటి జిడ్డు, స్నానాల గదులు, బాల్కనీ అన్నీ అందులోనే వస్తాయని ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పారు.

మధ్యాహ్నం పన్నెండింటికి రావలసిన కుర్రాళ్ళు ఒంటిగంటకు వచ్చారు. మర్యాదస్థులే, పనికి బద్ధకించినవాళ్ళూ కారు. కానీ వచ్చీ రాగానే ఒకరు హాలు నేల తుడవడం మొదలుపెట్టగా, రెండోవారు అదే హాలులో నిచ్చెన వేసుకొని ఫ్యాను రెక్కలు తుడిచారు. ముందు పైన బూజు, తరువాత గోడలు, కిటికీలు, చివరికి నేల అన్న వరస మన ఇళ్ళలో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఆ మాటే అంటే, "తరవాత మళ్ళీ ఒకసారి తుడిచేస్తాం సార్" అన్నారు గానీ, ఆ రెండోసారి తుడవడానికి సమయం మిగలలేదు. పైగా ఫ్యాను రెక్కల పైభాగం తుడిచి అంచులు వదిలేయడంతో, వాళ్ళు వెళ్ళాక స్విచ్ వేయగానే ఉతికిన దుప్పటి నిండా నల్లటి నలకలు రాలాయి.

నా అసలు ఫిర్యాదు మాత్రం స్లైడింగ్ కిటికీల విషయంలో. విశాఖలో సముద్రం దగ్గర కాపురం ఉన్నవారికి ఈ బాధ తెలుసు. గాలితో వచ్చే ఉప్పు కిటికీ అల్యూమినియం పట్టాలలో చేరి, గాలిలోని తేమను పీల్చుకొని, రోడ్డు మీది దుమ్మును పట్టి ఉంచుతుంది. కొన్ని నెలలకు అది బూడిద రంగు ముద్దగా మారి కిటికీ జరగనివ్వదు. దానిని ముందు పొడిగా గీకి తీసి, మంచినీటితో కడిగి, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. ఈ కుర్రాళ్ళు పట్టాలలో ద్రవం చిమ్మి, తడిగుడ్డను ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి లాగారు. అప్పటికి తళతళలాడిన మాట నిజమే. మరునాడు ఉదయం ఎండ పడేసరికి ఆ ముద్ద అంతా మూలలకు చేరి గట్టిపడి ఉంది, పట్టా పొడవునా తెల్లటి ఉప్పుగీత తేలింది, పడమటి కిటికీ అయితే మునుపటి కన్నా బిగుసుకుపోయింది.

స్నానాల గదుల పనిని మెచ్చుకోకపోతే అన్యాయమవుతుంది. మాది బోరునీరు కావడంతో టైళ్ళ మీద, కుళాయిల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న తెల్లమరకలు ఆ ఒక్క పూటలో పోయాయి. ఆ మరకలు నీటిలోని సున్నపు లవణాలు గనుక ఆమ్లం కలిసిన ద్రవానికి కరుగుతాయి. అయితే అదే ద్రవంలో ముంచిన గుడ్డను పూజగది గడప మీద కూడా వాడారు. ఆ గడప పాలరాయి. పాలరాయి కూడా సున్నపు జాతి రాయే కాబట్టి, టైలు మీద మరకను మాత్రమే తినే ఆమ్లం ఇక్కడ గడపనే తినేసింది. నిలబడి చూస్తే ఏమీ తెలియదు. దీపం పెట్టినప్పుడు వంగి ఏటవాలుగా చూస్తే నునుపు పోయి, అరచేయంత వెడల్పున మూడు మచ్చలు కనబడతాయి. మా ఇంట్లో ఏది పాలరాయి, ఏది గ్రానైటు, ఏది మామూలు టైలు అని పని మొదలయ్యే ముందు వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పాటి జాగ్రత్త నా వైపు నుంచి కూడా ఉండవలసింది.

నేను చేసిన ఇంకొక పొరపాటు, సాయంకాలం లైట్ల వెలుగులో పైపైన చూసి, పని పూర్తయిందని ఓటీపీ చెప్పేయడం. మరునాడు ఫోన్ చేస్తే వాళ్ళు మొదట అన్న మాట, "మీరే ఓకే చేశారు కదా సార్". ఫోటోలు పంపిన తరువాత వచ్చేసారికి 20 శాతం తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు. చెడిన పనికి పరిహారంగా మళ్ళీ వాళ్ళ చేతే పని చేయించుకోమనడం నాకు నచ్చలేదు. గొంతు పెంచకుండా, ఏ గదిలో ఏది మిగిలిందో రాసి ఫోటోలు జతచేసి మెయిల్ పంపాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇది సేవాలోపమవుతుందని, రెండు రోజులలో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తానని చివర రాశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదన్న సంగతి కూడా చేర్చాను. ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ ఫోన్ చేశారు.

మూడో రోజున వాళ్ళు పంపిన మనిషి యాభై ఏళ్ళు దాటిన ఒకావిడ. ఆమె చేతిలో మెషిన్లేవీ లేవు. ఒక పాత టూత్‌బ్రష్, కొసకు గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్, రెండు పొడి గుడ్డలు. కిటికీ తలుపును పట్టాల నుంచి పైకెత్తి బయటికి తీసి, మూలమూలనా గీకి, కడిగి, తుడిచి, తిరిగి బిగించి వేలితో జరిపి చూపించింది. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలను వేడినీటి సబ్బులో అరగంట నాననిచ్చిన తరువాతనే ముట్టుకుంది. మొన్న కుర్రాళ్ళు ఇలా ఎందుకు చేయలేదని మా ఆవిడ అడిగితే, "ఐదు గంటల్లో ఇల్లంతా అంటే ఎలాగవుతాదమ్మా? ఇక్కడవ్వకముందే మధురవాడలో ఇంకో ఇల్లు రాసేస్తారు" అంది. ఆ మాటతో నా కోపం కుర్రాళ్ళ మీద నుంచి, వాళ్ళకు ఐదు గంటలు లెక్క కట్టిన వాళ్ళ మీదికి మళ్ళింది. ఆమె ఒక్కతీ మూడు కిటికీలకు, ఒక ఫ్యానుకు తీసుకున్న సమయమే మూడున్నర గంటలు.

ఇక నా లెక్క ఇది. స్నానాల గదులకు మాత్రమే అయితే ఈ సంస్థను మళ్ళీ పిలుస్తాను. ఇల్లంతా ఒకే పూటలో అంటే పిలవను. పిలిచేవారు డబ్బు కొంతయినా చివరికి ఆపుకొని, పగటి వెలుగు ఉండగానే ప్రతి ఫ్యానూ వేసి, ప్రతి కిటికీ జరిపి చూశాకే ఓటీపీ చెప్పడం మంచిది. గడప సంగతి మాత్రం తేలలేదు. నాలుగుసార్లు మెయిళ్ళు నడిచాక సంస్థ 1,000 రూపాయలు వెనక్కి వేసింది. పాలిష్ చేసే మనిషి వచ్చి చూసి 1,500 అడిగాడు.